రెల్లుపిట్టల లెక్క

ఫిబ్రవరి 6

ఒరేయ్ చంటీ,

నలభై దాటినవాణ్ని చంటీ అంటే నీ ప్రెస్సులో వాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వనీ. ఈ ఉత్తరం వాళ్ల చేతికి ఎలాగూ ఇవ్వవు కదా.

బడిలో పిల్లల లెక్కలు దిద్దడం తప్ప నేను సొంతంగా ఒక పేజీ రాసి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు రాస్తున్నానంటే నీ చలవే. నీకు ఫోన్ చేస్తే ‘ఊఁ’, ‘అలాగే’, ‘ఉంటానక్కా’ తప్ప నాలుగో మాట రాదు. ‘మీ బావకి జ్వరం తగ్గలేదురా’ అంటే ‘అలాగే’ అంటావు. గోడకి చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వస్తుంది.

పోయిన నెల నా చెయ్యి సంగతి చెప్పినప్పుడు నువ్వన్న మాట మాత్రం చచ్చినా మర్చిపోను. మీ బావకి చెబితే, ‘మీ తమ్ముడు అలా అన్నాడా?’ అని రెండుసార్లు అడిగారు. అంతకన్నా ఏమీ రాయను. మనసులో ఏమైనా ఉంటే కాగితం మీద పెట్టు. చదవడానికి నాకు కళ్లున్నాయి.

మరదల్ని అడిగానని చెప్పు.

ఫోనులో పనికిరాని
మీ అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

నీ దస్తూరీ చూసి ఎంత సంతోషమేసిందో. నీ మీద నాకు కోపమేమిటి? ప్రెస్సులో యంత్రం మోత, రోడ్డు మీద బండ్ల మోత. ఈ ఫోన్లలో గొంతులు నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుంటాయి. కాగితం మీదైతే నువ్వు చెప్పేది ముక్కముక్కా అందుతుంది. ఇకనుంచి ఇలాగే రాసుకుందాం.

నీ చెయ్యి సంగతి ఆ రోజే ప్రెస్సులో అందరికీ చెప్పాను. ‘మా అక్క ఈ వయసులో...’ అని మొదలుపెట్టి అందరికీ టీ ఇప్పించాను. నేనన్న మాట నువ్వింతగా గుర్తుపెట్టుకున్నావంటే నాకు గర్వంగా ఉంది.

ఇక నా కబురు. నేను మళ్లీ చదువుకుంటున్నాను! నవ్వకు. మొన్నామధ్య మా ప్రెస్సుకి ఒక కరపత్రం వచ్చింది. ప్రకృతి పరిశీలన నేర్పే ఆదివారం తరగతి గురించి. దానిమీద లకుముకి పిట్ట బొమ్మ. ఎన్నిసార్లు రంగులు సరిచేసినా ఆ రెక్క మీది నీలం కుదరలేదు. అసలు నీలం ఎలా ఉంటుందో ఒకసారి కళ్లారా చూసొద్దామని వెళ్లినవాణ్ని, అక్కడే చేరిపోయాను.

నేర్పేది వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఒక లెక్చరరు. అందరం మేడం అంటాం. ఊరి చివర మునిసిపాలిటీ మంచినీళ్ల చెరువుంది, పంపుల షెడ్డు వెనక. తరగతి అక్కడే. మొదటిరోజు మమ్మల్ని ప్రహరీగోడ పక్కన మొలిచిన ఒక పిచ్చిమొక్క ముందు కూర్చోబెట్టి, పొద్దెక్కేదాకా దాన్నే చూడమంది. నేను దాని పేరడిగాను. “పేరు తెలియగానే చూడటం మానేస్తారు. ముందు చూడండి” అంది. సరేనని చూశాను. ఆ ఒక్క మొక్క మీద పేనుబంక, దాన్ని కాపలా కాస్తున్న చీమలు, ఆకు కింద నా గోరంత కూడా లేని సాలీడు. ఇన్నాళ్లూ ఆ గోడ పక్కనుంచే సైకిలు తొక్కుకుంటూ పోయాను కదా అనిపించింది.

ఏడాది పాటు వారానికోసారి ఒకే చోట కూర్చుని, చూసింది చూసినట్టు రాయాలి. అది పూర్తిచేస్తే మనమూ పరిశీలకులమే. కొత్తవాళ్లని వెంటబెట్టుకుని తిప్పొచ్చు కూడా.

చెట్టంత ఎదిగినా నీకు చంటివాడే అయిన
తమ్ముడు


మార్చి 2

తమ్ముడికి,

నా చెయ్యి పేరు చెప్పి ప్రెస్సంతా టీ తాగారన్నమాట. చక్కెర సరిపోయిందా?

ఆ సంగతి వదిలేస్తున్నాను. మీ వీధి చివర మందుల షాపాయన మీ బావకి పాత స్నేహితుడు. ‘మీ బావమరిది ప్రతి ఆదివారం పొద్దున్నే దువ్వుకుని, ముస్తాబై, పిట్టల్ని చూడటానికి పోతున్నాడండీ. ఇంట్లో ఆవిడ మొహం ముడుచుకుని ఉంటోంది’ అని చెప్పాడట. నీ ఉత్తరం ముందే అందింది కాబట్టి ఏ పిట్టలో నాకు తెలుసు. మీ బావకి మాత్రం ఉత్తరం చూపిస్తేగాని నమ్మకం కలగలేదు.

పిట్టల సంగతి సరే, మరదలి మొహం ఎందుకు ముడుచుకుందో కనుక్కో. మెత్తటి మనిషి. లైబ్రరీలో పనిచేసి చేసి ఇంట్లో కూడా పుస్తకాలు నిద్రలేస్తాయేమో అన్నట్టు మాట్లాడుతుంది. ఆమె గొంతెత్తి అరవదు. నువ్వే దగ్గరికెళ్లి అడగాలి.

అక్క


ఏప్రిల్ 10

అక్కా,

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. బడిలో పరీక్షల హడావుడి అనుకుంటాను.

నువ్వు చెప్పినట్టే మీ మరదల్ని అడిగాను. ‘ఏమీ లేదు’ అంది. ఏమీ లేదంటే ఏమీ లేదనేగా. కాబట్టి ఆ సంగతి అంతటితో సరి.

ఇప్పుడు అసలు విషయం. మా తరగతివాళ్లకి పిట్టల లెక్క అప్పగించారు. చెరువు చుట్టూ ఒక్కొక్కరికి ఒక్కో చోటు. వారం వారం అక్కడ కాసేపు కదలకుండా నిలబడి, కనిపించినవీ వినిపించినవీ రాసి ఫోన్‌లో పంపాలి. ఇలాగే ఎన్నో ఊళ్లలో మామూలు మనుషులు, టైలర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు పంపుతారు. అవన్నీ కలిపి శాస్త్రవేత్తలు ఏ పిట్ట పెరుగుతోందో ఏది తగ్గుతోందో తేలుస్తారు. నేను పంపిన లెక్క కూడా అందులో ఉంటుందంటే, రాత్రి అన్నం సహించలేదు అక్కా, సంతోషంతో.

నాకిచ్చింది రెల్లు దుబ్బుల పక్క చోటు. అక్కడ రెల్లుపిట్ట అని ఒకటుంటుంది. బొటనవేలంత, మట్టిరంగు. రెల్లు లోపలే తిరుగుతుంది, కంటికి చిక్కదు. సన్నటి గొంతును బట్టే పట్టుకోవాలి. నాకు ముందు అక్కడ నిలబడినావిడ ప్రతి వారం దాన్ని రాసింది. నేను మొదలుపెట్టినప్పటినుంచీ ఒక్కటీ లేదు. ప్రతి వారం సున్నా.

ఎందుకో కనిపెట్టాను. పంపుల ఆవరణ చూసుకునే సూపర్‌వైజరు ఒక పక్క రెల్లంతా కోయించాడు. మేడం ‘కొంచెం ఆగండి, ఇంకా చూద్దాం’ అంది. ఎన్నాళ్లు ఆగుతాం? పిట్ట పోయాక ఆగి ఏం లాభం? ‘రెల్లుపిట్టని ఎవరు తరిమేశారు?’ అని నేనే ఒక కరపత్రం రాసి, నేనే అచ్చువేసి, మునిసిపల్ ఆఫీసులో ఇచ్చాను. గేటుకి కూడా అంటించాను. ఆయన్ని సంజాయిషీ అడిగారట. నా జీవితంలో నా సొంత మాట అచ్చులో చూసుకోవడం ఇదే మొదలు.

నీ పరిశీలకుడు
తమ్ముడు


ఏప్రిల్ 22

తమ్ముడికి,

ఇది లెక్కల టీచరు రాస్తున్న ఉత్తరం. అక్క నీతో మాట్లాడటం మానేసింది.

మా పిల్లలకి చెబుతుంటాను. సంచిలో నిమ్మకాయలు లేకపోతే వచ్చేది సున్నా. సంచిలో చెయ్యి పెట్టకుండా ‘లేవు టీచర్’ అనేవాడు చెప్పేదీ సున్నానే. కాగితం మీద రెండూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి. నీది ఏ సున్నా?

అంతకుముందు వరకూ వారం వారం ఉన్న పిట్ట, నువ్వొచ్చిన రోజునుంచే లేదు. రెల్లు కోసింది ఎప్పుడు? నువ్వు రాకముందా, వచ్చాకా? కోయని పక్క కూడా పిట్టలు లేవా? అదే చోట ఇంకొకర్ని నిలబెట్టి చూశావా? ఇవేవీ అడక్కుండా ఒక ఉద్యోగస్థుడి మీద కరపత్రం అంటించావు. ఆయనకీ ఇంట్లో పిల్లాపాపా ఉంటారు.

పక్కవాడు చెప్పేది వినకుండా నీ మాట నువ్వనేసి పోవడం నీకు ఈమధ్య అలవాటైంది. నా విషయంలో సరిపెట్టుకున్నాను. అందరూ సరిపెట్టుకోరు.

మీ బావ నిన్ను అడిగారు. నేను అడగలేదు.

అక్క


మే 5

అక్కా,

ఇది ఎవరికీ చూపించకు. బావకి కూడా.

నీ ఉత్తరం చదివి నాకు మండిపోయింది. నువ్వు చెప్పింది తప్పని నిరూపిద్దామనే, మేడంని, తరగతివాళ్లందర్నీ నా చోటికి రమ్మన్నాను. పోయిన ఆదివారం వచ్చారు. గాలి లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అందరం నోరు మూసుకుని నిలబడ్డాం.

కాసేపటికి అందరి తలలూ ఒక్కసారే ఎడమవైపు తిరిగాయి.

ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. పక్కనున్న నర్సు తిరిగింది, వెనకున్న టైలరు తిరిగాడు, మేడం తిరిగింది. ఒకే రెల్లు దుబ్బు వైపు. మళ్లీ అందరూ కుడివైపు తిరిగారు. నర్సు మొహంలో నవ్వు. నేను ఒక్కణ్నే ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయాను. నాకు ఏమీ వినిపించలేదు అక్కా. రెల్లు ఉంది, నీళ్లున్నాయి, చుట్టూ మనుషులున్నారు. చప్పుడు లేదు.

మేడం నావైపు చూసి మెల్లగా, “విన్నారా?” అంది. ఆమె పెదాలు చూసి ఏమందో తెలుసుకున్నాను. ‘ఆఁ, విన్నాను’ అన్నాను. ‘మళ్లీ వచ్చినట్టున్నాయి’ అని కూడా అన్నాను. కోయని వైపు చాలా ఉన్నాయని, కోసిన వైపు కూడా కొన్ని తిరుగుతున్నాయని వాళ్లలో వాళ్లు రాసుకున్నారు.

సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాను, ఎక్కబుద్ధి కాలేదు. ఆలోచిస్తే ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. టీవీ సౌండు పెంచితే మీ మరదలు పక్క గదిలోకి వెళ్లిపోవడం. కుక్కరు కూతలు లెక్కపెట్టమని నాకు చెప్పి, తర్వాత చెప్పడం మానేయడం. కప్పు కింద పడితే పగిలాక చూడటమేగాని చప్పుడు తెలియకపోవడం.

తరగతి మానేస్తాను. పిట్ట గొంతు వినలేనివాడు పిట్టల్ని లెక్కపెట్టడమేమిటి? కరపత్రం గురించి ఏం చెయ్యాలో తోచడం లేదు.

తమ్ముడు


మే 9

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. పక్కనున్న సైన్సు టీచరు ‘ఏమైందండీ’ అని నీళ్లిచ్చింది. నీ గురించి ఏమీ చెప్పలేదులే.

జనవరిలో నేను ఫోన్ చేసి ఏం చెప్పానో తెలుసా? ‘బడి మెట్ల మీద జారిపడ్డానురా, ఎడమ చెయ్యి విరిగింది’ అని చెప్పాను. దానికి నువ్వు, ‘మంచిదే అక్కా. ఎప్పటికైనా ఇది జరుగుతుందని నాకు తెలుసు’ అన్నావు. కట్టు కట్టిన చేత్తో ఆ ఫోన్ అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత నువ్వు టీలు ఇప్పించావు. మీ ఇంటికి ఫోన్ చెయ్యడమే మానేశాను, మరదలికి కూడా. మీ ఇద్దరిదీ ఒకటే మాట అనుకున్నాను.

అసలు నువ్వేం విన్నావురా?

నాకు ఇంత చదువుంది, ‘గోడకి చెప్పుకున్నట్టుంది’ అని నేనే రాశాను, అయినా ఎందుకలా ఉందని ఒక్కసారి అడగలేదు. చెవులు నీవి పాడయ్యాయి, బుర్ర నాది పనిచెయ్యలేదు.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. రేపే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లు, మరదల్ని వెంటబెట్టుకుని. మేడంకి నిజం చెప్పు. నువ్వు పంపిన సున్నాలు ఇంకా ఆ శాస్త్రవేత్తల దగ్గరే ఉన్నాయి. పిట్ట లేదని వాళ్లు నమ్ముతున్నారు. ఇక ఆ సూపర్‌వైజరు దగ్గరికి ఉత్తరం గిత్తరం కాదు, మనిషివే వెళ్లు.

తరగతి మానేసే విషయం తర్వాత మాట్లాడుకుందాం. లెక్క తప్పొచ్చిందని ఎవరూ లెక్కలు మానేయరు. అలా అయితే మా బడి ఈపాటికి మూతపడేది.

అక్క


జూన్ 14

అక్కా,

‘చెయ్యి తిరిగింది’ అని విన్నాను. నువ్వు అప్పుడే కారు నేర్చుకోవడం మొదలుపెట్టావు కదా. ‘స్టీరింగు మీద చెయ్యి తిరిగింది’ అంటున్నావనుకుని అంత సంబరపడ్డాను. ప్రెస్సులో ‘మా అక్క ఈ వయసులో కారు నడుపుతోంది’ అని చెప్పుకుని టీలు ఇప్పించాను. నీ చెయ్యి విరిగి ఇన్ని నెలలైతే నేను నిన్ను చూడటానికైనా రాలేదు. క్షమించు అని రాయడం తప్ప ఏం చెయ్యను? ఇప్పుడెలా ఉంది? పైకి ఎత్తగలుగుతున్నావా?

డాక్టరు దగ్గరికి వెళ్లాం. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, ఏ చప్పుడు వినిపిస్తే అప్పుడు మీట నొక్కమన్నాడు. లావు చప్పుళ్లు బాగానే అందాయి. పోనుపోను సన్నవి వచ్చాయట. నేను మీట నొక్కడం మానేసి కూర్చున్నాను, పరీక్ష అయిపోయిందనుకుని. ఇరవై ఏళ్లకు పైగా యంత్రం పక్కన నిలబడినందుకు ఇదీ ఫలితం. పోయింది తిరిగి రాదట, ఉన్నది కాపాడుకోవాలట. ఆయన గ్రాఫు చూపిస్తూ, ‘మెత్తటి, సన్నటి గొంతులు ఈయనకి సరిగా అందవమ్మా’ అని మీ మరదలితో అన్నాడు. ఆమె ఆ గీతని చాలాసేపు చూసింది. బస్సులో ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.

మేడంకి అంతా చెప్పాను. నేను పంపినవన్నీ తీసేయమన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ‘కళ్లతో చూసి రాసినవి అలాగే ఉంచుదాం. విని రాయాల్సిన వాటి పక్కన, పరిశీలకుడికి సన్నటి శబ్దాలు వినపడవు అని రాద్దాం. లెక్క వాడుకునేవాళ్లకి అది తెలియాలి’ అంది. నేను మానేస్తానంటే, నీటి అంచున తూనీగల్ని నా అంత వివరంగా బొమ్మ గీసినవాళ్లు తరగతిలో ఎవరూ లేరని గుర్తుచేసింది. రంగులు చూసే కన్ను ప్రెస్సు నాకిచ్చింది, చెవులు అది తీసుకుంది.

తర్వాత పంపుల షెడ్డుకి వెళ్లాను. సూపర్‌వైజరు నేననుకున్నట్టు లేడు. సన్నగా, దగ్గుతూ, పంపుల ముందున్న ఇనప జాలీలో ఇరుక్కున్న చెత్త తీయిస్తున్నాడు. ఏటా ఒక పక్క రెల్లు కోయకపోతే అది జాలీల్లోకి వచ్చి పంపులు ఆగిపోతాయట. అందుకే ఈ ఏడు ఒక పక్క, వచ్చే ఏడు ఇంకో పక్క కోయిస్తాడట. నేను చెప్పింది మొత్తం విని, “చెవులు వినపడక మీరు పొరపాటు పడ్డారు. అన్నీ వినపడే ఆఫీసువాళ్లు నన్ను ఒక్క మాటా అడగలేదు” అన్నాడు. అది మీ మీద కోపం కాదండీ అని కూడా అన్నాడు. ముందు అంటించిన కరపత్రం ఎంత పెద్ద అక్షరాల్లో వేశానో అంతే పెద్ద అక్షరాల్లో నా తప్పు అచ్చువేసి, ఆఫీసులో ఇచ్చి, అదే గేటుకి అంటించాను. ఆయనకిచ్చిన సంజాయిషీ కాగితం రద్దయింది.

చెవియంత్రం పెట్టారు. మొదటివారం చెప్పుల చప్పుడుకే ఎవరో వెంటపడుతున్నారని వెనక్కి చూశాను. ప్రెస్సులో మిగతావాళ్లకి కూడా పరీక్ష చేయించమని యజమానితో పోట్లాడాను. ఇద్దరికి నాలాగే మొదలైందట. ఇప్పుడు అందరికీ చెవులకి అడ్డుపెట్టుకునేవి ఇచ్చారు. రెల్లుపిట్ట గొంతు మాత్రం యంత్రంతో కూడా అందడం లేదు. అది మరీ సన్నదట.

తమ్ముడు


జూలై 3

చంటీ,

చెయ్యి బాగానే ఉంది. బోర్డు తుడవగలను, మీ బావ వద్దన్నా కారు తీస్తున్నాను. ప్రెస్సువాళ్లకి నేను బాకీ పడ్డట్టే. ఒకరోజు వచ్చి నేనే టీ ఇప్పిస్తాను.

మొన్న మరదలు ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. ఆమె అంతసేపు మాట్లాడగలదని నాకు ఇన్నేళ్లకి తెలిసింది. ఏం చెప్పిందో నీకు రాయను. అది నాకు చెప్పాల్సింది కాదు, నీకు చెప్పాల్సింది. అడుగు. ‘ఏమీ లేదు’ అంటే లేచి వచ్చేయకు, ఎదురుగా కూర్చో. మళ్లీ అడుగు.

అక్క


ఆగస్టు 18

అక్కా,

నువ్వు వచ్చి వెళ్లాక ఇల్లు కొన్నాళ్లు బోసిగా ఉంది. ప్రెస్సులో నీ కారు గురించి ఇంకా చెప్పుకుంటున్నారు, ముఖ్యంగా నువ్వు దాన్ని వెనక్కి తీసిన తీరు గురించి.

నువ్వు వెళ్లిన తర్వాతి వారం, ఒక చోట ఇద్దరు కలిసి లెక్క తీసుకోవచ్చని మేడం చెప్పింది. ఇంటికొచ్చి మీ మరదల్ని అడిగాను. ‘నాకు కాకికీ కోకిలకీ తేడా తెలియదు’ అంది. పేర్లు తర్వాత, ముందు వినమన్నాను. వచ్చింది. లెక్క తీసే సమయంలో మాట్లాడకూడదు, చేత్తో చూపించుకోవడమే. ఆమె వింటుంది, వేలు చూపిస్తుంది. నేను బైనాక్యులర్స్ అటు తిప్పి చూస్తాను. మొదటిరోజు ఆమె రెల్లు దుబ్బు మొదలు వైపు చూపించి అలాగే ఉండిపోయింది. ఎంతోసేపటికి ఆకుల సందులో ఒక మట్టిరంగు పిట్ట కనిపించింది. ముక్కు తెరిచి, గొంతు కింద ఈకలు అదురుతున్నాయి. నాకు ఏమీ వినిపించకపోయినా అది పాడుతోందని తెలిసింది. అప్పటినుంచీ మా ఇద్దరి లెక్కా కలిపి వెళుతోంది. ఏడాది నిండకపోయినా కొత్తగా చేరినవాళ్లని తిప్పే పని కూడా మాకే ఇచ్చారు. ముందే చెప్పేస్తాను, ‘నాకు కొన్ని వినపడవు. మీకు వినిపించింది నాకు చెప్పండి, నాకు కనిపించింది మీకు చూపిస్తాను’ అని. ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన మాత్రం నా పక్కకొచ్చి, తన చెవి సంగతి మెల్లగా చెప్పాడు.

నిన్నటి సంగతి రాయాలనే ఈ ఉత్తరం. మబ్బుగా ఉంది, మేమిద్దరమే వెళ్లాం. లెక్క మొదలైంది. ఆమె వేలు చూపిస్తుందని చూస్తున్నాను. చూపించలేదు. నావైపు తిరిగి, నాకు పెదాలు కనిపించేలా కూర్చుని, “నేను వంటింట్లోంచి రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేదాన్ని. మీరు పలక్కపోతే, నా మాటలకి అంత విలువ లేదేమో అనుకుని చెప్పడం తగ్గించేశాను” అంది.

బైనాక్యులర్స్ పక్కన పెట్టి, “ఇప్పుడు చెప్పు” అన్నాను.

“అన్నీనా?”

“గుర్తున్నంతవరకు.”

చెప్పింది. లైబ్రరీకి రోజూ వచ్చి ఒకే పుస్తకం చదివి వెళ్లే ముసలాయన గురించి చెప్పింది. ఒకసారి ఒంట్లో బాగాలేక భయపడి, ఒక్కతే ఆసుపత్రికి వెళ్లొచ్చిన సంగతి చెప్పింది. కొన్నింటికి నవ్వుకున్నాం. కొన్నింటికి తల దించుకున్నాను. మధ్యలో రెల్లులో ఏవేవో కదిలాయి, నీటి మీద ఏదో వాలింది, మేమిద్దరం అటు చూడలేదు. వాన మొదలయ్యాక లేచాం.

ఇంటికొచ్చి ఆ వారం లెక్క పంపడానికి కూర్చున్నాను. ఆమె పక్కనే ఉంది. మర్యాదగా ఉంటుందని, ‘వర్షం వల్ల’ అని రాయమంది. చూసింది చూసినట్టు రాయాలి కదా అన్నాను. ‘ఈ వారం లెక్క తీయలేదు. పరిశీలకులిద్దరూ మాట్లాడుకుంటూ కూర్చున్నారు’ అని రాసి, ఇద్దరి పేర్లూ పెట్టి పంపేశాను.

తమ్ముడు